తండ్రి ముఖం తిప్పుకున్నాడా?

ఈస్టర్ రోజు సండే స్కూల్లో ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్న నన్ను ఇంకా వదలడం లేదు. వాడు మూడో తరగతి. యేసు ప్రభువు లేచాడు, శిష్యులకు కనబడ్డాడు, నలభై రోజుల తర్వాత తండ్రి దగ్గరికి వెళ్ళిపోయాడు అని నేను కథ ముగించబోతుంటే చెయ్యెత్తాడు.

"అక్కా, శుక్రవారం వాళ్ళ నాన్న ఆయన్ని వదిలేశాడు కదా. మరి మళ్ళీ ఆయన దగ్గరికే ఎందుకెళ్ళాడు?"

నాకు వెంటనే జవాబు రాలేదు. వచ్చే వారం చెప్తానన్నాను. ఆ వారమంతా బైబిల్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆలోచించిన కొద్దీ వాడి ప్రశ్నలో తప్పేమీ కనబడలేదు. తప్పంతా మేం వాడికి చెప్పిన దాంట్లో ఉంది. అందుకే ఇంత పొడుగు పోస్ట్ రాస్తున్నాను. ముఖ్యంగా వాక్యం చెప్పేవాళ్ళు కాస్త ఓపిగ్గా చదవండి.

గుడ్ ఫ్రైడే రోజు, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద జరిగే ఆరాధన మీకు తెలిసిందే. పన్నెండింటికి మొదలై మూడింటికి ముగుస్తుంది. ఒక్కో మాటకు ఒక్కొక్కరు. ఆ పిల్లవాడు ఆ ఎండలో, షామియానా కింద, వాళ్ళమ్మ పక్కన చాప మీద మూడు గంటలూ కూర్చున్నాడు. "నన్నెందుకు చెయ్యి విడిచితివి" అనే నాలుగో మాట మీద చెప్పినాయన రైలు వంతెన కథ ఎత్తుకున్నారు. మీలో చాలామంది వినే ఉంటారు. ఒకాయన రైలు వంతెనను పైకెత్తి దించే ఉద్యోగం చేస్తుంటాడు. ఒకరోజు కొడుకును వెంట తెచ్చుకుంటాడు. పిల్లవాడు ఆడుకుంటూ పోయి యంత్రం చక్రాల మధ్య పడతాడు. అంతలో రైలు వస్తుంది. వంతెన దించితే కొడుకు నలిగిపోతాడు, దించకపోతే రైలు నదిలో పడుతుంది. తండ్రి కళ్ళు మూసుకుని మీట లాగేస్తాడు. రైల్లో జనం ఏమీ తెలియక కిటికీల్లోంచి చేతులూపుతూ వెళ్ళిపోతారు.

"ఆ తండ్రే దేవుడు, ఆ కొడుకే యేసు, చేతులూపుతూ పోయినవాళ్ళం మనం" అన్నారాయన. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. చిన్నప్పుడు ఇదే కథకు నేనూ వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ తర్వాత ఆయన గొంతు పెంచి, "పరిశుద్ధుడైన తండ్రి పాపాన్ని చూడలేక ముఖం తిప్పుకున్నాడు. ఆ మూడు గంటలు తండ్రీ కుమారులు విడిపోయారు" అన్నారు. పిల్లవాడు విన్నాడు, నమ్మాడు, ఆదివారం నన్ను అడిగాడు.

ఆయన మీద నాకు కోపం లేదు. ఆయనకు ముందు చెప్పినవాళ్ళు అలాగే చెప్పారు. కానీ ఈ కథ మానేయాలి. ఇది యేసుకూ తండ్రికీ మధ్య ఉన్న బంధాన్ని తలకిందులు చేస్తోంది.

ఆ కథలో కొడుక్కి ఏమీ తెలియదు. ఆడుకుంటూ పడిపోయాడు. జరిగింది ప్రమాదం. తండ్రికి ఆలోచించుకునే టైమ్ కూడా లేదు. యోహాను 10వ అధ్యాయంలో యేసు ఏమన్నాడు? తన ప్రాణాన్ని ఎవడూ తన దగ్గర నుంచి తీసుకోవడం లేదన్నాడు. "నా అంతట నేనే దాని పెట్టుచున్నాను" అన్నాడు. సిలువ ఎక్కినవాడు ఏమీ ఎరగని పసివాడు కాదు. తనేం చేస్తున్నాడో తెలిసి, యెరూషలేము వైపు మనసు గట్టి చేసుకుని నడిచినవాడు. వంతెన కథలో ఇద్దరు ఉన్నారు: ఒకడు నిర్ణయించేవాడు, ఇంకొకడు నలిగిపోయేవాడు. సువార్తలో అలా లేదు. నిర్ణయం ఇద్దరిదీ.

త్రిత్వం గురించి, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్కడే దేవుడన్న సిద్ధాంతం గురించి మాట్లాడితే "అది బైబిల్ కాలేజీ విషయం, మనకెందుకు" అంటారు. కానీ ఆ సిద్ధాంతం అవసరం అన్నిటికంటే ఎక్కువగా పడేది సిలువ దగ్గరే. నాలుగో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో అరియస్ అనే సంఘ పెద్ద, కుమారుడు చాలా గొప్పవాడే గానీ తండ్రి చేత సృష్టించబడినవాడు అన్నాడు. కుమారుడు లేని సమయం ఒకటి ఉండేదన్నాడు. 325లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి పిలుపు మీద బిషప్పులు నైసియాలో కూడారు. ఇప్పుడు టర్కీలో ఇజ్నిక్ అంటారు ఆ ఊరిని. కుమారుడు సృష్టించబడినవాడు కాడు, జనించినవాడు, తండ్రి ఏ సారమో కుమారుడూ అదే సారం అని వాళ్ళు తేల్చారు. అప్పటికి అలెగ్జాండ్రియాలో డీకన్‌గా (సంఘ పరిచారకుడిగా) ఉన్న అతనేసియస్ తర్వాత బిషప్ అయ్యి, ఈ మాట కోసం ఐదుసార్లు ఊరు విడిచి వెళ్ళాల్సి వచ్చింది.

ఒక పదం కోసం అంత పట్టుదల ఎందుకంటే, అరియస్ చెప్పిందే నిజమైతే సిలువ మీద దేవుడు లేడు. దేవుడు పైన క్షేమంగా కూర్చుని, తాను చేసిన ఒకడిని కిందికి పంపి చావనిచ్చాడు. అలాంటి దేవుణ్ణి చూసి భయపడతాం, ప్రేమించలేం. నైసియా చెప్పింది నిజమైతే సిలువ వేసిన ఆ కల్వరి కొండకు వచ్చింది దేవుడే. ఇంకొకరిని పంపి తాను తప్పించుకోలేదు. మనం ప్రతి ఆదివారం నైసియా విశ్వాస ప్రమాణం నోటితో చెప్పి, గుడ్ ఫ్రైడే రోజు అరియస్ దేవుణ్ణి ప్రకటిస్తున్నాం. ఇది నన్ను నిజంగా బాధపెడుతోంది.

"మరి పట్టుబడే ముందు గెత్సేమనే తోటలో యేసు చేసిన ప్రార్థన సంగతి?" అని అడుగుతారు. "నా యిష్టప్రకారము కాదు నీ చిత్తప్రకారమే కానిమ్ము" అన్నాడు కదా, అంటే తండ్రి ఇష్టం ఒకటి, కుమారుడి ఇష్టం ఇంకొకటి అనేగా? మంచి ప్రశ్న. ఏడో శతాబ్దంలో మాక్సిమస్ అనే సన్యాసి దీని మీదే తన జీవితం పెట్టాడు. ఆయన ప్రకారం అక్కడ ఉన్నవి క్రీస్తులోనే ఉన్న రెండు చిత్తాలు: ఒకటి దేవునిది, ఒకటి మనిషిది. దేవునిగా ఆయన చిత్తం తండ్రి చిత్తమే. మనిషిగా ఆయన శరీరం చావంటే వణికింది, వణకాలి కూడా, లేకపోతే ఆయన మనిషే కాదు. ఆ వణికే మనిషి చిత్తం దేవుని చిత్తానికి ఒప్పుకుంది. ఈ మాట మీద నిలబడినందుకు 662లో ఆయన నాలుక కోశారు, కుడి చెయ్యి నరికారు. దేశం నుంచి వెళ్ళగొట్టారు, ఆ ఏడాదే చనిపోయాడు. 680-681లో కాన్‌స్టాంటినోపుల్‌లో కూడిన సభ ఆయన చెప్పిన బోధే సరైనదని తేల్చింది. ఇది చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

గెత్సేమనేలో ఇంకో సంగతి. మార్కు 14:36లో యేసు నోట వచ్చిన "అబ్బా" అనే అరమాయిక్ మాటను మన పాత తెలుగు బైబిల్ "నాయనా తండ్రీ" అని రాసింది. ఆ అనువాదం చేసినవాళ్ళకు నా దండాలు. నాయనా! మా తాతను మా నాన్న అలాగే పిలిచేవాడు. పొలం నుంచి వస్తూ గడప అవతల నుంచే "నాయనా" అని కేకేసేవాడు. అది దూరం పెట్టిన కొడుకు నోట వచ్చే పిలుపు కాదు. చెమట రక్తపు బిందువుల్లా కారుతున్న ఆ రాత్రి యేసు నోట్లో ఉన్నది ఆ పిలుపు.

సరే, నాలుగో మాట. "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి." ఆ కేకను నేను తక్కువ చేయను. ఆయన నటించలేదు. నిజంగా అరిచాడు, మనలో విడిచిపెట్టబడిన ప్రతి మనిషి గొంతుతో అరిచాడు. నాలుగో శతాబ్దపు బిషప్ నజియాంజు గ్రెగొరీ కూడా అదే అన్నాడు: తండ్రి ఆయన్ని విడవలేదు, ఆయన మన స్థానంలో నిలబడి మన కేక వేశాడు, విడవబడినవాళ్ళం మనం అని. కానీ ఆ మాట ఎక్కడిదో కూడా చూడాలి కదా. అది 22వ కీర్తన మొదటి వరుస. ఆ కీర్తన 24వ వచనం దాకా చదవండి. "అతనికి తన ముఖము దాచలేదు. వాడాయనకు మొఱ్ఱపెట్టగా ఆయన ఆలకించెను." ముఖం దాచలేదు అని అదే కీర్తన నోరు తెరిచి చెబుతుంటే, ముఖం తిప్పుకున్నాడని మనం మైకులో చెబుతున్నాం.

ముఖం తిప్పుకున్నాడన్న మాట సిలువ గురించి రాసిన ఏ సువార్తలోనూ లేదు. హబక్కూకు 1:13లో దేవుని కనుదృష్టి దుష్టత్వం చూడలేనంత నిష్కళంకమైనది అని ఉంది, అక్కడి నుంచి తెచ్చి ఇక్కడ అతికిస్తారు. కానీ హబక్కూకు ఆ వచనంలోనే, మరి దుర్మార్గుల్ని చూస్తూ ఎందుకు ఊరుకున్నావని దేవుణ్ణి నిలదీస్తున్నాడు. ఇక యేసు ఆ ముందు రాత్రే శిష్యులతో ఏమన్నాడు? మీరంతా నన్ను ఒంటరిగా విడిచిపోతారు, "అయితే తండ్రి నాతో ఉన్నాడు గనుక నేను ఒంటరిగా లేను." యోహాను 16:32. ఈ వచనం ఏడు మాటల ఆరాధనలో చదవగా నేను ఇంతవరకు వినలేదు.

నాతో వాదించేవాళ్ళు యెషయా 53:10 తీస్తారు. "అతని నలుగగొట్టుటకు యెహోవాకు ఇష్టమాయెను." తీయండి, దాన్ని నేను దాచిపెట్టను. యేసు మన పాపాల శిక్ష భరించాడని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. అది తీసేస్తే నాకు సువార్తే లేదు. కానీ శిక్ష భరించడం వేరు, తండ్రి కొడుకును అసహ్యించుకోవడం వేరు. ఆ శిక్ష గురించి అంత గట్టిగా బోధించిన పదహారో శతాబ్దపు ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ కూడా, దేవుడు తన కుమారుడి మీద ఎప్పుడూ కోపపడలేదు, తన హృదయానికి ఆనందమైన వాడి మీద ఎలా కోపపడతాడు అని రాశాడు. మన ప్రొటెస్టెంట్ సంఘాల్లో కాల్విన్ కంటే కఠినంగా ఉండాల్సిన అవసరం ఎవరికీ లేదు.

అలాగని రెండో వైపు కూడా పడిపోకూడదు. తండ్రే యేసుగా వచ్చాడు, తండ్రే చనిపోయాడు అనే బోధ మన ఊళ్ళలోనూ వినిపిస్తోంది. అది కొత్తదేం కాదు. మూడో శతాబ్దం మొదట్లో ప్రాక్సియస్ అనేవాడు అలా చెబితే, ఆ బోధతో అతను తండ్రినే సిలువ వేశాడని టెర్టుల్లియన్ అనే క్రైస్తవ రచయిత మండిపడ్డాడు. టెర్టుల్లియన్ చూపించిన ఒక చిన్న సంగతి, యేసు మాటల్లో, మన తెలుగులోనూ కనబడుతుంది. "నేనును తండ్రియును ఏకమై యున్నాము." 'ఉన్నాను' కాదు, 'ఉన్నాము'. ఒక్కడే అయితే 'ఉన్నాము' అనడు. ఇద్దరు, కానీ విడదీయలేని ఇద్దరు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే నచ్చిన మాట చెప్తాను. అప్పగించడం. రోమా 8:32లో తండ్రి తన సొంత కుమారుని మనందరి కొరకు అప్పగించాడు. గలతీ 2:20లో కుమారుడు నన్ను ప్రేమించి నా కొరకు తన్ను తాను అప్పగించుకున్నాడు. గ్రీకులోనూ రెండు చోట్లా ఒకటే క్రియ, తెలుగులోనూ ఒకటే. శిష్యుడైన యూదా డబ్బు కోసం యేసును అప్పగించిన చోట కూడా ఆ క్రియే. యూదా అప్పగించింది ముప్పై వెండి నాణేలకు. తండ్రి అప్పగించింది, కుమారుడు అప్పగించుకున్నది ప్రేమతో, ఇద్దరూ కలిసి. "దేవుడు క్రీస్తునందు లోకమును తనతో సమాధానపరచుకొనుచు" ఉన్నాడని పౌలు రాశాడు. క్రీస్తునందు! క్రీస్తుకు దూరంగా నిలబడి కాదు.

ఇది పెద్దల చర్చ మాత్రమే అయితే నేనింత రాయను. మా సండే స్కూల్లో నాన్న తాగొచ్చి కొడుతుంటే పక్కింట్లో పడుకునే పిల్లలున్నారు. 'తండ్రి' అనే మాట వింటేనే వాళ్ళ మొహాలు మారిపోతాయి. వాళ్ళకు మనం చూపించాల్సిన తండ్రి, అవసరమైతే కొడుకు మీద మీట లాగేసే తండ్రి కాదు. యేసు మంచివాడు, ఆయన తండ్రే భయంకరం అనుకుంటూ పెరిగే పిల్లల్ని మనమే తయారు చేస్తున్నాం. "నన్ను చూచినవాడు తండ్రిని చూచియున్నాడు" అన్నాడు ప్రభువు. కుష్ఠురోగిని ముట్టుకున్న ఆ చెయ్యి, పిల్లల్ని ఎత్తుకున్న ఆ చెయ్యి ఎలాంటిదో, తండ్రి మనసు అలాంటిది. యేసు వెనకాల వేరే ముఖం ఉన్న దేవుడు లేడు.

పాస్టర్ గార్లకు చేతులెత్తి అడుగుతున్నాను. వచ్చే గుడ్ ఫ్రైడేకి ఆ వంతెన కథ వద్దు. కన్నీళ్ళు రాకపోయినా ఫరవాలేదు. 22వ కీర్తన మొత్తం చదివించండి, పది నిమిషాలు కూడా పట్టదు.

తర్వాతి ఆదివారం ఆ పిల్లవాడిని ముందు కూర్చోబెట్టుకున్నాను. లూకా 23 తీసి, మొదటి మాట చదవమన్నాను. "తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము." కూడబలుక్కుంటూ చదివాడు. చివరి మాట చదవమన్నాను. "తండ్రీ, నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను." ఆ ప్రార్థన 31వ కీర్తనలో ఉందని, అక్కడ 'తండ్రీ' అనే పిలుపు లేదని, దాన్ని యేసే ముందు చేర్చుకున్నాడని చెప్పాను. వాడు కాసేపు ఆ పేజీ మీద వేలు పెట్టుకుని చూశాడు.

"ఇది కూడా ఆ శుక్రవారమేనా అక్కా?"

"ఆ శుక్రవారమే నాన్నా. ఆ సిలువ మీదే."