కాంతి పదార్థమవుతుంది, కానీ శక్తి ఒక్కటే చాలదు

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే తెలుగువారి వాట్సాప్ గ్రూపులలో ఒక సందేశం తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: అమెరికా శాస్త్రవేత్తలు ఉత్త కాంతి నుంచి పదార్థాన్ని పుట్టించారు, కనుక శూన్యం నుంచి సృష్టి సాధ్యమేనని తేలిపోయింది, ఐన్‌స్టీన్ సమీకరణం ప్రకారం ఏ కాంతికిరణమైనా పదార్థం కాగలదు, శక్తి తగినంత ఉంటే కోరిన కణాన్ని తయారుచేసుకోవచ్చు, కాబట్టి ధ్యానశక్తితో గాలిలోంచి విభూతి తీయడం సైన్సు ఒప్పుకున్న సంగతే. ఇందులో మొదటి మాట చాలావరకు నిజం. ఆ నిజం ముందు నడవడం వల్లనే, దాని వెనుక వచ్చిన నాలుగింటినీ చదువుకున్నవారు కూడా ప్రశ్నించకుండా పంపేస్తున్నారు.

రెండు ఫోటాన్లు, అంటే కాంతి కణాలు, ఢీకొని ఎలక్ట్రాన్, దానికి వ్యతిరేక ఆవేశం గల ప్రతికణమైన పాజిట్రాన్‌ల జంటగా మారగలవని బ్రైట్, వీలర్ అనే భౌతికశాస్త్రవేత్తలు 1934లోనే లెక్కగట్టారు. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో బంగారు పరమాణువుల కేంద్రకాలను దాదాపు కాంతివేగంతో ఎదురెదురుగా పంపి, అవి ఒకదాన్నొకటి తాకకుండా పక్కనుంచి దూసుకుపోయినప్పుడు పుట్టిన 6,000కు పైగా జంటలను గుర్తించినట్టు 2021లో ప్రకటించారు. ఆ కేంద్రకాల చుట్టూ ఉండే తీవ్రమైన విద్యుదయస్కాంత క్షేత్రాలే అక్కడ ఫోటాన్లుగా పనిచేశాయి. అయితే జంటలోకి చేరిన శక్తి ఆ కేంద్రకాల గమనం నుంచి వచ్చింది, ఆ గమనం కణాలకు వేగం పెంచే యాక్సిలరేటర్ యంత్రం వాడుకున్న కరెంటు నుంచి వచ్చింది. దీనిని శూన్యం నుంచి సృష్టి అనడానికి ఎక్కడా ఆస్కారం లేదు.

ఇక ఏ కాంతికిరణమైనా పదార్థం కాగలదన్న మాట. తేలికైన జంటకే 10,22,000 ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తిని కొలిచే ప్రమాణం ఇది) శక్తి కావాలి. కంటికి కనిపించే కాంతిలో ఒక్కో ఫోటాన్‌కు ఉండేది రెండు, మూడు ఎలక్ట్రాన్ వోల్టులు. సరే, అంతకు మించిన శక్తి గల గామా కిరణాన్నే తీసుకుందాం. శూన్యంలో ఒంటరిగా పోతున్నంతసేపు అది కూడా జంటగా మారలేదు. ఎందుకంటే, పుట్టిన జంటతో సమానవేగంతో ప్రయాణించే పరిశీలకుడికి ఆ రెండు కణాల మొత్తం ద్రవ్యవేగం సున్నాగా కనిపిస్తుంది కనుక, ద్రవ్యవేగ నిత్యత్వం ప్రకారం, అంతకు ముందున్న ఫోటాన్ ద్రవ్యవేగం కూడా అతని దృష్టిలో సున్నా అయి ఉండాలి. కానీ కాంతిని ఎంత వేగంగా వెంబడించినా దాని ద్రవ్యవేగం తగ్గుతుందే తప్ప సున్నా కాదు. ఆ తేడాను భరించడానికి పక్కన మరొకటి ఉండాలి: ఒక కేంద్రకమో, మరో ఫోటానో. బెంగళూరు క్యాన్సర్ ఆస్పత్రులలో అధికశక్తి ఎక్స్ కిరణాలతో చికిత్స చేసేటప్పుడు రోగి శరీరంలో ఇటువంటి జంటలు పుడుతూనే ఉంటాయి. దగ్గరలోని కేంద్రకం వెనక్కి తన్నుకుని లెక్క సరిచేస్తుంది. పెట్ స్కాన్‌లో దీనికి తిరుగుదారి కనిపిస్తుంది. పాజిట్రాన్ ఎలక్ట్రాన్‌తో కలిసి అంతరించినప్పుడు 5,11,000 ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలు రెండు దాదాపు సరిగ్గా ఎదురుదిక్కులలో వెలువడతాయి. రోగి చుట్టూ ఉన్న గ్రాహకాల వలయం ఒకేసారి రెండు వైపులా తగిలిన ఆ కిరణాలను పట్టుకుని, వాటి ఆధారంగానే బొమ్మ కడుతుంది. ఒకే కిరణంగా వెలువడే వీలుంటే ఆ యంత్రమే పనికిరాదు.

శక్తి ఉంటే కోరిన కణాన్ని తయారుచేయవచ్చన్నది వీటన్నిటిలోకీ ఎక్కువగా నమ్మించే మాట, కాబట్టి దీని దగ్గర కాస్త ఆగాలి. శక్తి లెక్క సరిపోయినా విద్యుదావేశం మొత్తం మారకూడదు, అందుకే ఎలక్ట్రాన్ ఒక్కటే పుట్టదు. ప్రోటాన్, న్యూట్రాన్‌ల వంటి బరువైన కణాలకు బేరియాన్ సంఖ్య అనే మరో ఖాతా ఉంది: ఇటువంటి కణాన్ని ఒకటి కలిపి, దాని ప్రతికణాన్ని ఒకటి తీసివేసి లెక్కిస్తే వచ్చే మొత్తం మారకూడదు. 1955లో బర్క్‌లీలోని బెవట్రాన్ యంత్రంతో ప్రోటాన్ ప్రతికణమైన ప్రతిప్రోటాన్‌ను పుట్టించినప్పుడు, దానికి జతగా ప్రోటాన్ కూడా పుట్టక తప్పలేదు: ముందు రెండు ప్రోటాన్లు, తరువాత మూడు ప్రోటాన్లు, ఒక ప్రతిప్రోటాన్. ఆ కొత్త జంట ద్రవ్యరాశికి 188 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. కానీ నిలిచి ఉన్న ప్రోటాన్‌ను ఢీకొట్టి దాన్ని సాధించాలంటే వచ్చే ప్రోటాన్‌కు సుమారు 563 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల గతిజశక్తి ఉండాలి, ఎందుకంటే వచ్చిన ద్రవ్యవేగం ఎక్కడికీ పోదు గనుక ఆ నాలుగు కణాలూ ముందుకు సాగుతూనే ఉండాలి, మిగిలిన శక్తి ఆ గమనంలోనే చిక్కుకుపోతుంది. నియమం అడిగే మూల్యం ఇక్కడ మూడింతలు!

ఈ బేరియాన్ ఖాతా ఎప్పుడైనా తప్పుతుందా అని వెతికిన చోట్లలో ఒకటి మనకు దగ్గరలోనే, బెంగళూరుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని కోలార్ బంగారు గనులలో ఉంది. 1980ల తొలినాళ్ళలో భారత, జపాన్ శాస్త్రవేత్తలు అక్కడ 2 కిలోమీటర్లకు పైగా లోతున ఇనుప పలకల పరికరం అమర్చి ప్రోటాన్ క్షయం కోసం, అంటే ప్రోటాన్ తనంతట తాను తేలికైన కణాలుగా విడిపోవడం కోసం, కాపు కాశారు; అలా జరిగితే ఆ ఖాతా తప్పినట్టే. క్షయం కావచ్చనిపించిన ఘటనలు కొన్ని తమకు కనిపించాయన్నారు కానీ, తరువాతి పెద్ద ప్రయోగాలు వాటిని సమర్థించలేదు. విశ్వంలో పదార్థమే మిగిలి, ప్రతికణాలతో ఏర్పడే ప్రతిపదార్థం దాదాపు లేకుండా పోవడానికి తొలిక్షణాలలో ఈ నియమం ఎక్కడో సడలి ఉండాలని చాలామంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఆ సడలింపును నేటివరకు ఏ ప్రయోగశాలా చూడలేదు.

చివరిది విభూతి. ధ్యానం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, లెక్క మీదే ఉంది. శక్తి నుంచి ఒక గ్రాము విభూతి పుట్టాలంటే, పై నియమాల ప్రకారం దానితోపాటు ఒక గ్రాము ప్రతిపదార్థం కూడా పుట్టాలి. రెండు గ్రాములకు కావలసిన శక్తి 5 కోట్ల యూనిట్ల కరెంటుకు సమానం. నెలకు 200 యూనిట్లు వాడే ఇళ్ళు 20,000కు ఏడాది పొడవునా సరిపోతుంది. ఆ ప్రతిపదార్థం గాలిని తాకి అంతరించినప్పుడు వెలువడే శక్తి హిరోషిమా బాంబుకు దాదాపు మూడు రెట్లు ఉంటుంది కనుక, విభూతి అందుకున్న భక్తులు ఆ సంగతి ఇంటికి వెళ్ళి చెప్పుకునే అవకాశం ఉండదు.