చుక్కానికి ‘స్టీలు’ వేస్తే ఇక చూడక్కర్లేదా?

“ఇనుప చుక్కాని పీకేయండి, స్టీలుది వేయించండి. తుప్పు పట్టదు, బలం ఎక్కువ కాబట్టి సన్న రేకు చాలు, రంగు ఖర్చు లేదు, జింకు దిమ్మల ఖర్చు లేదు. అయస్కాంతం అంటకపోతే అసలు సరుకు.” శ్రీశైలం వెనుక జలాల్లో పడవలు నడిపేవాళ్ల ఫోన్లలో ఈ సందేశం కొన్నాళ్లుగా తిరుగుతోంది. (జింకు దిమ్మలంటే పడవ ఉక్కుకు బదులు తాము కరగడానికి బిగించేవి.) పోయిన వారం ఒక పడవ యజమాని దాన్ని నాకు చదివి వినిపించి, “అన్నా, ప్లేటు నేనే తెస్తా, అతికించి పెడతావా?” అని అడిగాడు. కర్నూలులో వెల్డింగు షాపు నాది. వచ్చిన పని వద్దంటే నష్టం నాకే. అయినా వద్దన్నాను.

ముందు మాట తేల్చుకోవాలి. మన వంటింట్లో స్టీలంటే మెరిసేది. ఇనుప దుకాణంలో ఎం.ఎస్. (మైల్డ్ స్టీలు, అంటే మామూలు ఉక్కు) కూడా స్టీలే, ఎస్.ఎస్. (స్టెయిన్‌లెస్ స్టీలు, అంటే మెరిసేది) కూడా స్టీలే. మెరిసేదాంట్లోనూ ఎక్కువ పాలు ఇనుమే: ఎస్.ఎస్.లో ఎక్కువగా వాడే 304 రకంలో నూటికి 18 పాళ్లు క్రోమియం, 8 పాళ్లు నికెల్, మిగిలినదంతా దాదాపు ఇనుమే.

తుప్పు పట్టనివ్వనిది ఆ క్రోమియమే. ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనిపించని పొర కడుతుంది. గీత పడితే మళ్లీ తనే పూడ్చుకుంటుంది, ఆక్సిజన్ అందినంత కాలం. చుక్కానిలో అది అందని చోట్లే ఎక్కువ: బుష్షులో (ఇరుసును పట్టి ఉంచే గొట్టంలో) తిరిగే ఇరుసు, బోల్టు తల అడుగు, బురద పేరుకున్న సందు. అక్కడ తుప్పు పైపైన పాకదు, గుంటలా లోపలికి దిగుతుంది. ఉప్పు తోడైతే మరీ త్వరగా. ఆవకాయను స్టీలు డబ్బాలో కాకుండా జాడీలో ఎందుకు పెడతారో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. చాలాకాలం ఉప్పు పోసి ఉంచిన స్టీలు డబ్బాను ఖాళీ చేసి వెలుతురుకు పట్టి చూస్తే అడుగున సూదిమొనంత చుక్కలు కనిపిస్తాయి.

మనది మంచినీరు కదా అంటారు. నిజమే. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, కృష్ణలో ఆ బాధ లేదు. ఇక్కడ 304 బాగానే నిలుస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఉప్పు లేదన్న లాభం ఎం.ఎస్.కూ ఉంది. సముద్రంలోనే రంగు వేయని ఉక్కు సగటున ఏడాదికి 0.1 మిల్లీమీటరు చొప్పున కరుగుతుంది. ఎనిమిది మిల్లీమీటర్ల ప్లేటుకు, అదీ రంగు వేసినదానికి, ఈ నీళ్లలో అంత కంగారు దేనికి? సందేశం రాసినవాడు సముద్రపు భయాన్ని నదిలో అమ్ముతున్నాడు.

పైగా ఎస్.ఎస్. పని అందరి చేతికీ లొంగదు. ఎం.ఎస్. రుద్దిన గ్రైండింగు వీలుతోనే దాన్ని రుద్దితే ఇనుప రజను అందులో దిగబడి, కొద్ది రోజుల్లోనే గోధుమరంగు చుక్కలు తేలతాయి. మొదట్లో ఒక గుడి రెయిలింగుకు నేనే అలా చేసి మాట పడ్డాను. వెల్డింగు వేడి 450–850 డిగ్రీల మధ్య నిలిచిన చోట క్రోమియం ఉక్కులోని కార్బన్‌తో కలిసిపోయి, అతుకు పక్కన రక్షణ పలచబడుతుంది. అందుకే కార్బన్ 0.03 శాతం మించని 304ఎల్ అడగాలి. సందేశంలో ఆ ఊసే లేదు.

బలం సంగతి మరీ తప్పు. ఒత్తిడిని మెగాపాస్కల్‌లలో కొలుస్తారు. మామూలు 304 ప్లేటు 205 మెగాపాస్కల్‌కే శాశ్వతంగా వంగడం మొదలుపెట్టవచ్చు. మనం వాడే ఎం.ఎస్., అంటే ఐ.ఎస్. 2062 ఇ250 రకం, 250 దాకా ఆగుతుంది. ఎస్.ఎస్.లోనే డ్యూప్లెక్స్ అనే రకాలు ఇంతకన్నా గట్టివి, కానీ సందేశం చెప్పేది వాటి గురించి కాదు. రేకు మందం సగం చేస్తే వంగకుండా నిలిచే దాని బిగువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. నీళ్లు తగ్గినప్పుడు అడుగున రాళ్లు తగిలే చోట సన్న రేకు పెట్టుకోమనడం ఏం సలహా?

అయస్కాంతం పరీక్షను ఎక్కువసేపు పట్టించుకోనక్కర్లేదు. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన చవక 202 రకానికీ అది అంటదు. అసలైన 304ను వంచితే ఆ వంపు దగ్గర కొద్దిగా అంటనూవచ్చు.

ఇక రంగు. పడవ అడుగు ఎం.ఎస్., చుక్కాని ఎస్.ఎస్. అయితే నీళ్లలో ఆ రెండూ కలిసి బ్యాటరీ అవుతాయి. అరిగేది మెరవని లోహమే, అంటే పడవ. చుక్కానిని మెరుస్తూ వదిలేసి పడవకు మాత్రమే రంగు వేస్తే ఇంకా ప్రమాదం: రంగు లేచిన చిన్న గీత దగ్గరే తినడమంతా జరుగుతుంది. కాబట్టి ఎస్.ఎస్. చుక్కానికీ రంగు వేయాల్సిందే. జింకు దిమ్మలు మంచినీటిలో పైన పొర కట్టి మొద్దుబారతాయి, ఇక్కడ కావలసింది మెగ్నీషియం. ఆ మేరకు జింకు వద్దన్న మాట సరైనదే, వాళ్లు చెప్పిన కారణమే తప్పు.

ఆ పడవ యజమానికి చివరికి చేసింది ఇది: చుక్కాని రెక్క ఎనిమిది మిల్లీమీటర్ల ఎం.ఎస్., దానికి ఎపాక్సీ ప్రైమరు, పైన రెండు పూతలు. ఇరుసు బుష్షులో తిరిగే జానెడు భాగానికి మాత్రం 304ఎల్ తొడుగు, ఎందుకంటే రాపిడిలో అక్కడ ఏ రంగూ నిలవదు. వేసవిలో నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడే రోజుల్లో పడవ ఎలాగూ ఒడ్డున ఉంటుంది. గీకి, లేచిన చోట మళ్లీ పూయడం ఒక పూట పని. రంగు డబ్బా తను తెస్తానన్నాడు, బ్రష్షు పట్టేది కొడుకట.