పిల్లల కోసం ఒక మ్యాట్నీ ఆట

గత నెలలో ఒక గురువారం ఉదయం, అమెరికాలోని కొలంబస్‌లో ఉన్న మన తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో కార్యవర్గం తరఫున ఒక సందేశం వచ్చింది. చిన్నపిల్లలున్న తల్లిదండ్రులు ఇకమీదట ప్రీమియర్ ఆటలకు రాకుండా ఇంట్లోనే ఉండాలని, తోటి ప్రేక్షకుల ఆనందాన్ని పాడు చేయవద్దని అందులో రాశారు. మధ్యాహ్నానికల్లా దాని కింద మెచ్చుకోలు గుర్తులు బారులు తీరాయి. అదే గ్రూపులో అంతకుముందు అదే కార్యవర్గం పెట్టిన ఫ్లయర్ మీద మాత్రం ‘ఫ్యామిలీ మూవీ నైట్, కుటుంబ సమేతంగా తరలిరండి’ అని ఉంది, పెద్దల టికెట్ పక్కనే పిల్లల టికెట్ ధర కూడా విడిగా వేసి ఉంది. ఆ సందేశానికి ముందు రోజు రాత్రి ఆ ఆటకు పిల్లలతో హాల్లో ఉన్న తల్లులలో నేనూ ఒకరిని కనుక, జరిగినది జరిగినట్టు చెప్పి, మన సంఘాన్ని ఒక విషయం అడగాలనుకుంటున్నాను.

అది బుధవారం రాత్రి 8:30 ఆట. ఇండియాలో గురువారం తెల్లవారే వేళకు మనకు ఇక్కడ ప్రీమియర్ పడుతుందని మీకు వేరే చెప్పనక్కరలేదు. నాలుగో తరగతి చదువుతున్న మా అమ్మాయి, కిండర్‌గార్టెన్‌లో ఉన్న మా అబ్బాయి, ఆరు నెలలు మాతో ఉండడానికి వచ్చిన మా అత్తగారు, మేమిద్దరం కలిసి వెళ్లాము. హీరో తెర మీదికి రాగానే కుర్రవాళ్లు కాగితాలు ఎగరేశారు, ఈలలు వేశారు, మా అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. వారమంతా నాలుగు గోడల మధ్య గడిపిన మా అత్తగారు అటూ ఇటూ చూసి, ఇంతమంది మనవాళ్లున్నారా ఈ ఊళ్లో అని సంబరపడ్డారు. అంతవరకూ ఆ హాల్లో ఉన్నవన్నీ నాకు ఇష్టమైనవే.

విశ్రాంతి తర్వాత కత్తులు వచ్చాయి. మెడ తెగడం, రక్తం కెమెరా మీద చిమ్మడం, అదే దృశ్యాన్ని నెమ్మదిగా మరోసారి చూపించడం సాగుతుండగా మా అబ్బాయి చెవులు మూసుకుని నా ఒళ్లో తల దూర్చాడు. మా వెనక వరుసలో మూడేళ్ల పిల్లవాడు భయంతో కేకలు పెట్టి ఏడ్చాడు. తల్లి వాడిని ఎత్తుకుని చీకట్లో మెట్లు వెతుక్కుంటుంటే ఎవరో ‘పిల్లాడిని బయటికి తీసుకుపోండమ్మా’ అని గట్టిగా అరిచారు. నేను మా అబ్బాయిని తీసుకుని ఆమె వెనకే బయటికి వచ్చాను. ఆమె భర్త కూడా కాసేపటికి వచ్చాడు కానీ, వాళ్ల కారులోనే మరో కుటుంబం కూడా వచ్చింది కనుక సినిమా అయ్యేదాకా ఇంటికి వెళ్లే వీలు లేకపోయింది. లాబీలో బెంచీ మీద కూర్చుని ఆమె నాతో అన్న మాటలు ఇవి: ‘ఇంట్లో ఎవరి దగ్గర వదిలి రావాలండీ? సంఘం వాళ్లే అందరినీ రమ్మన్నారు కదా అని వచ్చాము.’ ఆమె ఈ ఊరికి కొత్త. మన సంఘం కార్యక్రమాలలో ఆమె వచ్చిన మొదటిది అదే. మర్నాడు ఉదయం గ్రూపులో ఆ సందేశాన్ని ఆమె కూడా చదివి ఉంటుంది.

ఈ విషయంలో అభిమానుల పక్షాన చెప్పవలసినది చాలా ఉంది, అది చెప్పకపోతే అన్యాయమవుతుంది. ప్రీమియర్ అనేది అభిమానుల పండుగ. ఇక్కడికి ఒంటరిగా చదువుకోవడానికి వచ్చిన కుర్రవాడు 20, 25 డాలర్లు పెట్టి టికెట్ కొనుక్కుని, తన భాషలో గొంతెత్తి అరిచే అవకాశం దొరికిన ఆ మూడు గంటల కోసం నెలల తరబడి ఎదురుచూస్తాడు. అతని పక్కన పసిపిల్ల ఏడుస్తుంటే అతనికి చికాకు కలగడంలో తప్పు లేదు. అతని ఆనందాన్ని తగ్గించమని నేను అడగడం లేదు. ఆ ఆటను కుటుంబాల వినోదమని పేరు పెట్టి మాకు అమ్మవద్దని, అమ్మిన తర్వాత వచ్చినందుకు మమ్మల్ని నిందించవద్దని మాత్రమే అడుగుతున్నాను.

పిల్లలను సినిమాకు తీసుకెళ్లడం మనకు ఈ దేశంలో అబ్బిన అలవాటు కాదు. మా ఊరు తణుకు దగ్గర. మా చిన్నప్పుడు సినిమాకు వెళ్లడమంటే ఇంటిల్లిపాదీ వెళ్లడమే. ఆ రోజులను నేను పొగడబోవడం లేదు. హాల్లో బీడీ పొగ ఉండేది, కుర్చీలలో నల్లులుండేవి, రీలు తెగితే గోలగా ఉండేది, తెర మీద విలన్లు అప్పుడూ చంపేవారు. అయినా, ఆడవాళ్ల వైపు కూర్చున్నప్పుడు ఎవరి బిడ్డ ఏడ్చినా పక్కనున్న పెద్దావిడ చేతులు చాచి తీసుకునేది. తన ఒళ్లో పడుకోబెట్టుకుని సినిమా చూసేది, తల్లిని లేవనిచ్చేది కాదు. రెండో ఆట వదిలాక నాన్న భుజం మీద నిద్రపోతూ ఇంటికి వచ్చిన పిల్లలమే మనలో చాలామందిమి. ఆ పెద్దావిడ మనకు ఇక్కడ లేదు. తాతయ్యలు, నానమ్మలు, మేనత్తలు, పొరుగింటి పిన్నిగారు ఎవరూ లేని చోట, ఇంట్లో వదిలి రండి అని చెప్పడం చాలా తేలిక. గంటకు ఇంతని ఇచ్చి బేబీసిట్టర్‌ను పెట్టుకోగలిగిన వాళ్లు కొందరే ఉంటారు. మిగిలిన కుటుంబాలు వస్తే అందరూ కలిసి వస్తాయి, లేకపోతే అసలు రావు.

2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర ఒక పెద్ద సినిమా ప్రీమియర్‌కు జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణాలు పోయాయి, ఆమె పిల్లవాడు చావుబతుకుల మధ్య ఆస్పత్రి పాలయ్యాడు. అంత రాత్రివేళ పిల్లలను తీసుకుని ఎందుకు వెళ్లారని అప్పుడు చాలామంది ఆ తల్లిదండ్రులనే తప్పు పట్టారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉండేది, ఎందుకంటే పిల్లవాడు తన అభిమాన నటుడిని చూడాలని ముచ్చటపడితే ఆ కుటుంబం చేసిన పనే మనలో ఎవరైనా చేస్తాము. ఆ తర్వాత 2025 జనవరిలో తెలంగాణ హైకోర్టు, పదహారేళ్ల లోపు పిల్లలను ఉదయం 11 గంటలకు ముందు, రాత్రి 11 గంటల తర్వాత సినిమా హాళ్లలోకి అనుమతించవద్దని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, కొన్ని వారాలకు దానిని సడలించింది. ఆ ఉత్తర్వు మంచిచెడ్డల మాట ఎలా ఉన్నా, పిల్లలు ఏ వేళకు హాల్లో ఉండవచ్చునన్నది ఆలోచించవలసిన ప్రశ్న అని అక్కడ ఒక న్యాయస్థానం గుర్తించింది. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలు రోజుకు 9 నుంచి 12 గంటలు నిద్రపోవాలని అమెరికన్ నిద్రవైద్యుల అకాడమీ చెబుతోంది. బుధవారం అర్ధరాత్రి ఇల్లు చేరి, గురువారం ఉదయం స్కూలు బస్సు ఎక్కవలసిన పిల్లలకు అందులో సగం కంటే కొంచెం ఎక్కువ దొరుకుతుందేమో.

ఏ సినిమా ఏ వయసు పిల్లలకు తగినదో ఫ్లయర్ చూసి తెలుసుకునే దారి కూడా మనకు లేదు. ఇక్కడి హాలీవుడ్ సినిమాలకు 1968 నుంచి రేటింగులున్నాయి, పదమూడేళ్ల లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులను హెచ్చరించే పీజీ-13 అనేది 1984లో వచ్చింది. ఆర్ రేటింగ్ ఉన్న సినిమాకు పదిహేడేళ్ల లోపు వారు పెద్దవాళ్ల తోడు లేకుండా వెళ్లకూడదు, సాయంత్రం 6 దాటాక అలాంటి ఆటలకు ఆరేళ్ల లోపు పిల్లలను తల్లిదండ్రులు వెంట ఉన్నా రానివ్వని పెద్ద మల్టీప్లెక్స్ సంస్థలు ఉన్నాయి. కానీ ఈ రేటింగ్ తీసుకోవడం తప్పనిసరి కాదు కనుక, మన సినిమాలు చాలావరకు రేటింగ్ లేకుండానే ఇక్కడ విడుదలవుతాయి. ఇండియాలో సెన్సార్ బోర్డు 2024 నవంబర్ నుంచి తల్లిదండ్రుల మార్గదర్శకత్వంలో పిల్లలు చూడవచ్చని ఇచ్చే యూఏ సర్టిఫికెట్‌ను వయసును బట్టి 7+, 13+, 16+ అని మూడుగా విడదీసింది. అంటే అక్కడి తల్లికి పోస్టర్ మీదే తెలిసే సంగతి ఇక్కడి తల్లికి హాల్లో కూర్చున్నాక తెలుస్తోంది. ఆ రోజు మేము చూసినది పెద్దలకు మాత్రమేనని అక్కడ ‘ఏ’ సర్టిఫికెట్ పొందిన సినిమా. ఆ ఒక్క అక్షరం మన ఫ్లయర్ మీద లేదు.

మన పెద్దలు ఇంతకంటే జాగ్రత్తగా నడిపారు. 1977లో న్యూయార్క్‌లో ఉత్తర అమెరికా తెలుగువారి తొలి మహాసభ జరిగిన కాలపు సంఘాల వారు చెప్పగా విన్న సంగతి ఇది. అప్పట్లో తెలుగు సినిమా చూడాలంటే సంఘమే పూనుకోవాలి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ప్రింటు తెప్పించి, ఏ యూనివర్సిటీ ఆడిటోరియమో, స్కూలు హాలో అద్దెకు తీసుకుని, వారాంతంలో ఆట వేసేవారు. ఏ సినిమా తెప్పించాలో నలుగురూ కూర్చుని మాట్లాడుకునేవారు, విశ్రాంతిలో సమోసాలు అమ్మేవారు, పిల్లలు నడవాలలో పరుగెత్తేవారు. ఇప్పుడు ఎంచుకునే పని సంఘం చేతిలో నుంచి పోయింది. పంపిణీదారులు తేదీ చెబుతారు, థియేటర్ వేళ చెబుతుంది, మనం కూపన్ కోడ్ గ్రూపులో పెడతాము. నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెడుతున్నది ఇదే.

మా ఇంటి వారాంతం మీ ఇళ్లలోని వారాంతం లాంటిదే. శనివారం ఈత తరగతి, కూచిపూడి, మధ్యలో ఎవరిదో పుట్టినరోజు, ఆదివారం మనబడి తెలుగు తరగతి, కాస్ట్‌కోలో సరుకులు. పిల్లలను కారులో ఒక చోటి నుంచి మరో చోటికి దింపడమే సరిపోతుంది, కలిసి కూర్చునే సమయం కొద్దిగా మిగులుతుంది. ఈ వేసవిలో ఒక ఆదివారం అన్నీ మానేసి మా అత్తగారిని హైబ్యాంక్స్ పార్కుకు తీసుకెళ్లాము. లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు. అడవి దారిలో నెమ్మదిగా నడిచి, ఒలెంటాంజీ నది ఒడ్డున వంద అడుగుల ఎత్తున, నదిని చూడడానికి కట్టిన వేదిక దగ్గరికి చేరుకున్నాము. కింద నదిని చూస్తూ ఆవిడ తన చిన్ననాటి గోదావరి వరదల గురించి, గట్టు మీద గుడారాలలో గడిపిన రాత్రుల గురించి చెప్పడం మొదలుపెట్టారు. మా అమ్మాయి అడుగుతూనే ఉంది, ఆవిడ చెబుతూనే ఉన్నారు. అవతలి ఒడ్డు చెట్ల మీద గద్ద కనబడుతుందేమోనని మా అబ్బాయి దుర్భిణి వదల్లేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే, విడుదలై రెండో వారం నడుస్తున్న ఒక హాస్య చిత్రానికి ఆదివారం మ్యాట్నీకి వెళ్లాము. హాలు మూడు వంతులు ఖాళీగా ఉంది, టికెట్ ప్రీమియర్ ధరలో సగం. మా అమ్మాయి కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్ చదివేసి నటుడు మాట పూర్తి చేయకముందే నవ్వేది. మా అత్తగారు మాట విన్నాక నవ్వేవారు. అమ్మాయి నవ్వు విని, ఇప్పుడేదో రాబోతోందని ఆవిడ ముందుగానే సిద్ధమయ్యేవారు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ సినిమా అంతా అలాగే చూశారు. ఇంటికి వచ్చే దారిలో ‘నానమ్మా, వాళ్లు సబ్‌టైటిల్‌లో సగమే రాశారు, మిగతాది నువ్వు చెప్పు’ అని అమ్మాయి అడిగింది. వారానికొకసారి తరగతికి పంపి నేర్పించాలని మనం తంటాలు పడుతున్న తెలుగును ఆ పిల్ల ఆ రోజు కావాలని అడిగి నేర్చుకుంది. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకు ఈ ఊళ్లో ఎవరి సాయం లేకుండా అన్నీ అర్థమయ్యే చోటు సినిమా హాలు ఒక్కటే అని మనం మరచిపోకూడదు. అందువల్లనే కుటుంబాలు సినిమాలు మానుకోవాలని నేను అనలేను.

కాబట్టి కార్యవర్గానికి నా విన్నపం ఇది. ప్రీమియర్ ఆటలకు సంఘం తరఫున టికెట్లు అమ్మదలిస్తే అమ్మండి, కానీ ఫ్లయర్ మీద కుటుంబం మాట తీసివేసి, ఇండియాలో ఆ సినిమాకు వచ్చిన సర్టిఫికెట్‌ను పెద్ద అక్షరాలతో వేయండి. దానికి బదులు ఏడాదికి రెండుసార్లైనా, శనివారం మధ్యాహ్నం, పిల్లలు చూడదగిన సినిమాకు సబ్‌టైటిళ్లతో ఒక ఆట మన కోసమే వేయించండి. ఇక్కడి థియేటర్లు బృందాలకు హాలును విడిగా అద్దెకిస్తాయి. ఆటిజం ఉన్న పిల్లల కోసం శబ్దం తగ్గించి, దీపాలు కొంచెం వెలిగించి ఆటలు వేసే థియేటర్లు ఉన్నాయి కనుక, మనం అడిగితే మనకూ శబ్దం తగ్గించే అవకాశం ఉంది. ఎవరి బిడ్డ ఏడ్చినా ఎవరూ తిరిగి చూడని ఆట అది కావాలి. అలాగే వనభోజనాల తేదీని ఏ పెద్ద సినిమా విడుదల కోసమూ జరపవద్దు. కార్తీకంలో చలికి ఇక్కడ కుదరదని సెప్టెంబరుకే తెచ్చుకున్నాము, ఇంకా ముందుకీ వెనక్కీ నెడితే అది నిలవదు.

ఆ గురువారం నాటి సందేశాన్ని ఉపసంహరించి, అదే గ్రూపులో ఆ కుటుంబాలకు నాలుగు మంచి మాటలు రాయండి. కొత్త కార్యవర్గం జనవరిలో బాధ్యత తీసుకుని ఏడాది క్యాలెండర్ అచ్చు వేసేలోపల మొదటి ఆట తేదీ ఖరారు కావాలి. థియేటర్ మేనేజరుతో మాట్లాడే పని నాకు అప్పగించండి. సినిమాను ముందుగా చూసి సరేనని చెప్పడానికి ముగ్గురు తల్లులు ఇప్పటికే ఒప్పుకున్నారు, వారిలో లాబీలో నా పక్కన కూర్చున్న ఆవిడ కూడా ఉన్నారు.