మన తప్పులు ఆ క్విజ్‌లో లేవు

మా అక్క కొడుకు అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటున్నాడు. పగలు చిన్న ఉద్యోగం, రాత్రి బ్యాంకు పరీక్షల చదువు. మొన్న ఆదివారం భోజనానికి వచ్చి ఫోన్ నా చేతిలో పెట్టాడు. ఏదో సైట్లో ఇంగ్లీషు గ్రామర్ క్విజ్ రాశాడట. 20కి 18. మార్కుల కింద ఒక కప్పు బొమ్మ, దాని కింద "ఇంగ్లీషు సొంత భాషగా ఉన్నవాళ్ళలో కూడా చాలామందికి ఇన్ని రావు" అనే అర్థం వచ్చే పొగడ్త. వాడి మొహం వెలిగిపోతోంది.

అన్నం తింటూ ఇంకో సంగతి చెప్పాడు. ఆ ముందు రోజు జ్వరంగా ఉంటే మేనేజర్‌కి సెలవు మెయిల్ పెట్టాడట, ఇంతవరకూ జవాబు లేదట. ఏం రాశావో చూపించమన్నాను. "ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సిన్స్ టూ డేస్" అని మొదలైంది. "ఐ డిస్కస్డ్ అబౌట్ మై వర్క్ విత్ వన్ ఆఫ్ మై కొలీగ్" అని ముగిసింది. రెండే వాక్యాలు, కనీసం మూడు తప్పులు.

మరి ఆ 18 మార్కులు అబద్ధమా? కాదు. వాడు నిజంగానే ఆ పద్దెనిమిదింటికీ సరైన జవాబు పెట్టాడు. తిరకాసు ప్రశ్నల్లో ఉంది. వాడు వెళ్ళాక ఆ 20 ప్రశ్నలూ నేనూ రాశాను. "దేర్" అని పలికే మూడు మాటల్లో ఇక్కడ ఏది రావాలి? "ఇట్స్"లో అపాస్ట్రఫీ ఉండాలా, వద్దా? "యువర్"కీ "యూ ఆర్" కుదించిన మాటకీ తేడా ఏమిటి? "కుడ్ హావ్" కరెక్టా, "కుడ్ ఆఫ్" కరెక్టా? "దాన్", "దెన్"లలో ఏది? సగానికి పైగా ఈ బాపతే.

ఇవన్నీ ఎవరు చేసే తప్పులు? ఇంగ్లీషుని అమ్మ ఒళ్ళో చెవితో నేర్చుకున్నవాళ్ళు చేసే తప్పులు. లండన్లోనో టెక్సస్‌లోనో పెరిగే పిల్లవాడు బడికి వెళ్ళకముందే కొన్ని వేలసార్లు "దేర్" అని విని ఉంటాడు, అని ఉంటాడు. వాడి చెవికి ఆ మూడూ ఒకటే. "కుడ్ హావ్" అని గబగబా అంటే "కుడ్ ఆఫ్" అనే వినిపిస్తుంది కాబట్టి పెద్దయ్యాక కూడా అలాగే రాసేస్తాడు. ఆ దేశాల్లో టీచర్ల తలనొప్పి ఇదే, అందుకే అక్కడ తయారయ్యే క్విజ్‌లు ఈ గుంటల చుట్టూనే తిరుగుతాయి.

మనలో చాలామందికి ఇంగ్లీషు వచ్చింది చెవి నుంచి కాదు, నల్లబల్ల నుంచి. "టి హెచ్ ఇ ఐ ఆర్ దెయిర్, దెయిర్ అంటే వారి యొక్క" అని గొంతెత్తి వల్లె వేసిన క్లాసు గుర్తుందా? స్పెల్లింగ్, అర్థం ఒకే ముడిలో కట్టి నోట్లో వేశారు. మాట వినడానికి ముందే దాని రూపం చూశాం. అందుకని "దేర్"ల మధ్య తికమక మనకి తక్కువ. మనవాడికి 18 వచ్చింది అందుకే. ఆ క్విజ్ వేరేవాళ్ళ రోగానికి చేసే రక్తపరీక్ష. మనకి ఆ రోగం లేదని రిపోర్టు వచ్చింది, అంతే.

(ఈమధ్య మన పిల్లలు కూడా వాట్సాప్‌లో "యూ ఆర్" రాయాల్సిన చోట "యువర్" అని కొడుతున్నారు. మాస్టార్లు విసుక్కుంటారు గానీ నాకు లోపల కాస్త సంతోషంగానే ఉంటుంది. ఇంగ్లీషు వాళ్ళకి చెవి నుంచి కూడా వస్తోందన్నమాట.)

మన రోగం వేరు. అది తెలుగులోంచి వస్తుంది, పట్టుకోవడం కూడా తెలుగు తెలిసినవాళ్ళకే తేలిక. "రెండు రోజుల నుంచి జ్వరం", "సోమవారం నుంచి జ్వరం": రెండు చోట్లా మనకి ఉన్నది ఒకటే "నుంచి". ఇంగ్లీషు దాన్ని రెండు ముక్కలు చేసింది. మొదలైన రోజు చెబితే "సిన్స్", గడిచిన కాలం చెబితే "ఫర్". చిన్నప్పుడు "నుంచి" అంటే "సిన్స్" అని నేర్చుకున్నవాడు జన్మంతా "సిన్స్ టూ డేస్" అంటాడు. "గురించి" కూడా అంతే. సమస్య గురించి చర్చిస్తాం కాబట్టి "డిస్కస్" పక్కన "అబౌట్" దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. గదిలోకి వెళ్తాం కాబట్టి "ఎంటర్డ్ ఇంటూ ద రూమ్". ఫలానా ఆయనతో పెళ్ళయింది కాబట్టి "మ్యారీడ్ విత్". నాకంటే సీనియర్ కాబట్టి "సీనియర్ దాన్ మీ". ఫ్యాన్ వేస్తాం కాబట్టి "పుట్ ద ఫ్యాన్". "వస్తున్నావు కదా" అనే మాటలోని "కదా" అన్ని చోట్లా "ఈజింట్ ఇట్" అయిపోతుంది. ఇవాళే కావాలి అనడంలో ఆ చివరి ఏత్వం ఎక్కడికి పోతుంది? "టుడే ఓన్లీ" అయి తేలుతుంది. సామాన్లు "లగేజెస్", సలహాలు "అడ్వైజెస్".

ఇక "ఎ, యాన్, ద" సంగతి సరేసరి. తెలుగులో ఆ వస్తువే లేదు. "పుస్తకం తెచ్చాను" అంటే ఏదో ఒక పుస్తకమా, నువ్వు అడిగిన ఆ పుస్తకమా అన్నది సందర్భాన్ని బట్టి వినేవాడే తేల్చుకుంటాడు. ఇంగ్లీషులో ప్రతి నామవాచకం ముందూ ఆగి ఆ లెక్క తేల్చాకే ముందుకు పోవాలి. ముప్పై ఏళ్ళుగా ఇంగ్లీషు రాస్తున్నవాళ్ళు కూడా తడబడే చోటు ఇదే. ఆ క్విజ్‌లో దీని మీద ఎన్ని ప్రశ్నలున్నాయో లెక్కపెట్టాను. ఒక్కటి.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మన కోచింగ్ సెంటర్ల యాప్‌లలో ఉండే క్విజ్‌లు ఇలా ఉండవు. బ్యాంకు, ఎస్సెస్సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) పరీక్షల్లో "ఎర్రర్ స్పాటింగ్" ప్రశ్నలు తయారు చేసేవాళ్ళకి మన గుంటలన్నీ తెలుసు. "వన్ ఆఫ్" తర్వాత బహువచనం, "సీనియర్" తర్వాత "టు", "డిస్కస్" పక్కన "అబౌట్" వద్దు అన్నవి కోచింగ్‌లో మొదటి నెలలోనే చెప్పే పాఠాలు. మా వాడికి ఇవన్నీ కంఠతా వచ్చు. బ్యాంకు ఆఫీసరు ఉద్యోగాలకి పెట్టే ఐబీపీఎస్ పీవో ప్రిలిమ్స్‌లో 20 నిమిషాల్లో 30 ఇంగ్లీషు ప్రశ్నలు చెయ్యాలి, అంటే ప్రశ్నకి 40 సెకన్లు. ఆ వేగంలో "డిస్కస్డ్ అబౌట్" కనిపిస్తే వాడి వేలు ఆలోచించకుండానే దాని మీద పడుతుంది.

మరి మెయిల్లో అదే తప్పు ఎందుకు చేశాడు? వాక్యాన్ని ముక్కలు చేసి ముందు పెట్టి, ఇందులో ఎక్కడో తప్పుంది వెతుక్కో అంటే వెతికి పట్టుకోవడం ఒక పని. ఒళ్ళు కాలిపోతుంటే, మేనేజర్ ఏమంటాడో అని టెన్షన్ పడుతూ, తెలుగులో అనుకున్నది ఇంగ్లీషులో పెట్టడం ఇంకో పని. మొదటి పనిలో తప్పు ఉందని ముందే చెప్పారు. రెండోదానిలో ఎవరూ చెప్పరు. దొంగని గుర్తుపట్టే పోలీసు ఇంటికి తాళం వేసుకోవడం మర్చిపోయినట్టు.

పరీక్షలు పెట్టేవాళ్ళలో కొందరు కూడా ఈ రెండో పనిని తగ్గించుకుంటూ పోతున్నారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి పెట్టే ఎస్సెస్సీ సీజీఎల్‌లో పెన్నుతో వ్యాసం, ఉత్తరం రాసే పేపరు ఒకటి ఉండేది, 2022 నుంచి తీసేశారు. లక్షల మంది రాసే పరీక్షలో ఉత్తరాలు దిద్దడం ఎంత కష్టమో ఊహించగలను. కానీ ఆ పేపరు పోయాక ఆ పరీక్ష రాసేవాళ్ళకి ఉత్తరం రాయడం నేర్చుకునే అవసరం కూడా పోయింది. క్విజ్ మిగిలింది.

మార్కుల లెక్క కూడా ఒకసారి చూద్దాం. నాలుగేసి ఆప్షన్లతో 20 ప్రశ్నలు. మీకు నిజంగా తెలిసినవి 4 మాత్రమే అనుకోండి. మిగతా 16లో ప్రతిదానికీ రెండు ఆప్షన్లు మరీ పిచ్చిగా ఉంటాయి, వాటిని కొట్టేసి, మిగిలిన రెండింట్లో ఏదో ఒకటి గుడ్డిగా పెడితే సగటున 8 తగులుతాయి. మొత్తం 12. నూటికి 60, ఫస్ట్ క్లాస్. తెలిసింది 4. బ్యాంకు పరీక్షల్లో ఐదు ఆప్షన్లు పెట్టి తప్పుకి పావు మార్కు కోసేది ఇందుకే. ఐదింట్లో గుడ్డిగా పెడితే ఒకసారి మార్కు వస్తుంది, నాలుగుసార్లు పావు చొప్పున పోతుంది, చేతిలో సున్నా మిగులుతుంది. ఉచిత క్విజ్‌ల్లో ఈ కోత ఉండదు. మార్కులు తక్కువొచ్చి మనసు కష్టపెట్టుకున్నవాడు దాన్ని స్నేహితులకి పంపడు కదా.

స్పెల్లింగ్ క్విజ్‌ల మీద నాకు ఇంకాస్త కోపం. "అకామడేషన్" స్పెల్లింగ్ ఏది అని నాలుగు రూపాలు చూపిస్తారు, అందులో మూడు తప్పు. డబుల్ సి, డబుల్ ఎమ్ అని ఎంత వల్లె వేసినా, ఆ మూడు తప్పుల్నీ పదేసిసార్లు చూశాక పెన్ను పట్టుకుంటే ఏదో అనుమానం మొదలవుతుంది. ఇది నా భ్రమ కాదు. తప్పు స్పెల్లింగ్‌లు చదివినవాళ్ళు తర్వాత ఆ మాటల్ని రాయడంలో ఎక్కువ తప్పులు చేస్తారని మనస్తత్వ శాస్త్రవేత్త లారీ జాకోబీ 1990లో అచ్చయిన ప్రయోగాల్లో చూపించాడు. పేపర్లు దిద్దీ దిద్దీ నాకే స్పెల్లింగ్‌లు పోతున్నాయని మన మాస్టార్లు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నది ఇదే. అమీర్‌పేటలో హాస్టళ్ళ బోర్డుల మీద ఆ మాటకి ఒక ఎమ్ తగ్గిపోయి ఉండటం రోజూ చూసే మా వాడి సంగతి వేరే చెప్పాలా.

పాతకాలపు ఉక్తలేఖనమే నయం. మాస్టారు చెబుతారు, పలక మీద రాయాలి. ఆప్షన్లు లేవు. విదేశాలకి వెళ్ళేవాళ్ళు రాసే ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్ష లిజనింగ్‌లో ఇప్పటికీ దాదాపు ఇదే పద్ధతి. ఉన్న 40 ప్రశ్నల్లో చాలావాటికి విన్న మాటని మనమే రాయాలి, స్పెల్లింగ్ తప్పితే ఆ మార్కు పోయినట్టే. మనవాళ్ళు అమెరికాలో దున్నేస్తున్న స్క్రిప్స్ స్పెల్లింగ్ బీ వేదిక మీద కూడా అంతే, మాట వినడం, అక్షరాలు చెప్పడం. 2024లో గెలిచిన బృహత్ సోమ కుటుంబానిది నల్గొండ జిల్లా. చివరి పోటీలో 90 సెకన్లలో 29 మాటలకి స్పెల్లింగ్ సరిగ్గా చెప్పాడు. కానీ నాకు ఎక్కువ గుర్తుండేది 2013 విజేత అరవింద్ మహంకాళి. ఈ తెలుగు కుర్రాడు అంతకు ముందు 2011లో, 2012లో మూడో స్థానం దగ్గరే ఆగిపోయాడు. రెండుసార్లూ పడగొట్టింది జర్మన్ నుంచి వచ్చిన మాటే. తన తప్పు ఏ గుమ్మంలోంచి వస్తోందో తెలిసింది, ఆ గుమ్మం దగ్గరే కాపు కాశాడు. 2013లో గెలిపించిన "క్నేడెల్" కూడా జర్మన్ మూలమున్న యిడ్డిష్ (యూదుల భాష) మాటే.

అసలు తప్పు అని తేల్చేది ఎవరు అన్న గొడవ కూడా ఉంది. మన బడిలో నేర్పిన "కలర్"కి యు ఉంటుంది. నోవా వెబ్‌స్టర్ 1828 నిఘంటువు చలవతో అమెరికా దాన్ని తీసేసింది, ఇప్పుడు ఫోన్ కీబోర్డు అమెరికా ఇంగ్లీషులో ఉంటే మన రంగు కింద ఎర్ర గీత పడుతుంది. వాక్యం చివర "టు, ఫర్, విత్" లాంటి మాటలు రాకూడదనే ప్రశ్న ఇంకా కొన్ని క్విజ్‌ల్లో కనిపిస్తోంది. 1672లో జాన్ డ్రైడెన్ అనే కవి, తనకు ముందు తరం నాటకకర్త బెన్ జాన్సన్‌ని తప్పుపట్టడానికి తీసిన పేచీ అది. ఇంగ్లీషువాళ్ళలోనే దాన్ని పాటించనివాళ్ళు ఎందరో. మనమెందుకు మార్కు పోగొట్టుకోవాలి? "ప్రీపోన్" అనే మన మాట ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి ఎక్కి కూర్చుంది కూడా, క్విజ్‌ల్లో మాత్రం అదింకా తప్పే. ఇలాంటి చోట మార్కు పోతే నేనైతే పట్టించుకోను.

క్విజ్‌లు మానెయ్యమని మా వాడికి చెప్పలేదు. బస్సులో కూర్చుని రీళ్ళు చూడటం కన్నా నయమే. కానీ ఆ సాయంత్రం ఒక కాగితం తీసుకుని పది తెలుగు వాక్యాలు రాసి ఇచ్చాను, పక్కన ఇంగ్లీషు రాయి అని. "మూడేళ్ళ నుంచి ఇక్కడే ఉంటున్నాను." "మా అన్నయ్య ఆఫీసులో నాకంటే సీనియర్." "జీతం గురించి రేపు చర్చిద్దాం." "నా స్నేహితుల్లో ఒకడికి కిందటి నెల పెళ్ళయింది." "నువ్వు కూడా వస్తున్నావు కదా?" "ఎక్కడికి వెళ్తున్నావని ఆయన నన్ను అడిగాడు." ఇలాంటివే ఇంకో నాలుగు. ఫోన్ పక్కన పెట్టమన్నాను. టైము పెట్టలేదు.

పావుగంట పట్టింది. మొదటి వాక్యంలో "సిన్స్" రాసి, కొట్టేసి, మళ్ళీ అదే రాశాడు. జీతం పక్కన "అబౌట్" ఉంది. "కదా" దగ్గర "ఈజింట్ ఇట్" ఉంది. ఆయన అడిగిన ప్రశ్నలో "ఐ వాజ్" రావాల్సిన చోట "ఆర్ యూ" ఉంది. పదింట్లో నాలుగు కరెక్టు. ఎర్రపెన్నుతో దిద్దిన కాగితం చూసి కాసేపు ఏం మాట్లాడలేదు. ఆ తర్వాత అన్నాడు:

"ఆప్షన్లు ఇచ్చుంటే అన్నీ కరెక్టుగా పెట్టేవాణ్ణి మామయ్యా."