జమ పద్దు కనిపించడం లేదు: ఆడి తగ్గింపు గారికి ఒక విన్నపం

ఏటా తమిళుల ఆడి మాసంలో అంగళ్లకు విచ్చేసే మహారాజశ్రీ ఆడి తగ్గింపు గారి సముఖానికి, చెన్నై పశ్చిమ మాంబళం నుంచి తమ పాత ఖాతాదారు అనేక నమస్కారాలతో రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి.

నేను ముప్పై రెండేళ్లు ఒక కార్యాలయంలో పద్దులు రాసి, పదవీ విరమణ చేసి, ఇప్పుడు ఇంటి చిట్టా మాత్రమే రాసుకుంటున్న మనిషిని. తమరి అంగళ్లలో ఇచ్చే ప్రతి బిల్లు అడుగునా, చెల్లించిన మొత్తం కంటే లావుపాటి అక్షరాలతో, 'ఈ రోజు మీరు ఆదా చేసినది' అంటూ ఒక అంకె ఉంటుంది కదా. ఆ కాగితం మీది రాత నాలుగు నెలలకే వెలిసిపోతుంది కనుక, నిరుటి ఆడి మొదలుకొని, ఆడికి ముందు నెల అయిన ఈ ఏటి ఆని నెలాఖరు దాకా వచ్చిన ఆ అంకెలన్నిటినీ ఏ రోజుకారోజు చిట్టాలో జమ వైపు ఎక్కించాను. మొత్తం 61,482 రూపాయలు తేలింది. నా వంటివాడి చేత ఇంత సొమ్ము వెనకేయించినందుకు తమరికి మనసులోనే దండం పెట్టుకుని, దానిని ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేద్దామని బ్యాంకుకు వెళ్లి పాసుపుస్తకం అచ్చు వేయించుకుంటే, అందులో ఆ సొమ్ము లేదు. సరికదా, ఉన్నదాంట్లో 83,915 రూపాయలు తరిగిపోయి కనిపించాయి. "ఎవరి దగ్గర నుంచి రావాలండీ?" అని కౌంటరులోని అమ్మాయి మర్యాదగానే అడిగింది. తమరి పేరు చెప్పడానికి నోరు రాక తిరిగి వచ్చేశాను. జమ రాసిన పైకం ఎక్కడో ఒకచోట ఉండి తీరాలన్నది నేను నేర్చుకున్న విద్య. అది ఎక్కడ ఉన్నదో తెలియజేయవలసిందిగా కోరడానికే ఈ లేఖ.

తమరి పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలియనివి కావు. జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా సాగే ఆడి మాసంలో పెళ్లిళ్లు ఉండవు, గృహప్రవేశాలు ఉండవు, కొత్త కోడళ్లు పుట్టిళ్లలో ఉంటారు. అంగళ్లలో ఈగలు తోలుకోవలసిన ఆ రోజుల్లో, దీపావళి సరుకు దిగేలోపు పాత సరుకును వదిలించుకోవడానికి వర్తకులు తమరిని పిలిచి పీట వేశారు. అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. తమిళంలో తమరిని తళ్ళుబడి అంటారు. తళ్ళు అంటే తోయడం. అంగడి అద్దాల తలుపు మీద ఒకటి, లోపలి గోడ మీద ఒకటి ఆ మాటలు రెండూ రాసి ఉంటాయి. తలుపును నేను తోస్తాను, ఆపైన తమరు నన్ను తోస్తారు. ఇక్కడి తెలుగువాళ్లకు మరొక సదుపాయం కూడా ఉంది: మా చాంద్రమాన ఆషాఢం సాధారణంగా తమరి కంటే ముందే వస్తుంది కాబట్టి, శుభకార్యాలు లేక నాలుగు డబ్బులు మిగలవలసిన కాలంలో మేము ఆషాఢం పేరిట ఒకసారి, ఆడి పేరిట మరొకసారి ఖర్చు చేస్తాం.

తమరి కొలువు సాగే అంగళ్ల పేట త్యాగరాయ నగర్‌కు, అంటే టి. నగర్‌కు, పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి గారూ, దాని నడుమనున్న పార్కుకు పేరిచ్చిన పానగల్లు రాజా గారూ ఇద్దరూ తెలుగువారే. అందులోనూ చెట్టి గారిది నేతపనికి పేరుపడ్డ దేవాంగ కుటుంబం. 1920లలో వేసిన ఆ పేటలో నూరేళ్ల తరువాత నావంటి తెలుగువాడు అక్కర లేని చీరలు మోసుకుంటూ తిరుగుతాడని వారు ఊహించి ఉండరు. 2023లో మాంబళం స్టేషను నుంచి టి. నగర్ బస్టాండు దాకా నడిచి వెళ్లేవారి కోసం ఆకాశమార్గం వేశారు. అంతకు మునుపు రంగనాథన్ వీధి రద్దీకి భయపడి నెలకొకసారి వెళ్లేవాళ్లం. ఇప్పుడు వారానికి రెండుసార్లు, కాలికి మట్టి అంటకుండా వెళ్లి వస్తున్నాం.

ఇక అసలు సంగతికి వస్తాను. తమరు 50 శాతం తగ్గిస్తారు, ఒప్పుకున్నాను. ఎక్కడి నుంచి తగ్గిస్తారు? ఎమ్మార్పీ నుంచి. ప్యాకెట్ల మీద పన్నులన్నీ కలుపుకున్న గరిష్ఠ ధరను అచ్చు వేయాలన్న నియమం 1990లో వచ్చింది, ఇంతకు మించి అమ్మకూడదని వర్తకుడికి గీసిన గీత అది. ఆ గీతను ఎంత ఎత్తున గీయాలన్నది మాత్రం చాలా వస్తువుల విషయంలో తయారుచేసేవాడి ఇష్టం. కొలబద్ద తమ వైపువాళ్లదే, కొలిచే చెయ్యీ తమ వైపువాళ్లదే. మూర తక్కువైందని సంతోషించే పని మాత్రం నాది.

నిరుడు ఉస్మాన్ రోడ్డులోని ఒక అంగట్లో అన్నం వేడిగా ఉంచే హాట్‌బాక్సు మీద 1,499 రూపాయల చీటీ, దాని పైన 50 శాతం తగ్గింపు బోర్డు చూసి, 749 రూపాయల యాభై పైసలకు కొని, జమ వైపు అంతే మొత్తం రాసుకుని పొంగిపోయాను. ఇంటికి వచ్చాక మా ఆవిడ దానిని వేడినీళ్లలో నానబెట్టి, గోటితో ఆ చీటీ మూలను మెల్లగా లేపింది. కింద డబ్బా మీదే అచ్చయిన ధర బయటపడింది: 899. ధర తగ్గించడానికైతే చీటీ అంటించవచ్చునట, అదీ అసలు ధర కప్పబడిపోకుండా. పెంచడానికి మాత్రం అంటించకూడదని తూనికలు కొలతల నిబంధనలే చెబుతున్నాయి. అంటే నాకు నిజంగా తగ్గినది దాదాపు 17 శాతం. "ఏమండీ, మార్గళిలో, అదే ధనుర్మాసంలో, మన వీధి చివరి కొట్టులో ఇది ఏ బోర్డూ లేకుండా 720కి ఉంది" అని కూడా ఆవిడ అన్నది. ఆ 17 శాతమూ పోయింది. ఆవిడ జ్ఞాపకశక్తి తమరి వ్యాపారానికి ఎంత ప్రమాదకరమో తమరు గమనించవలసిందిగా మనవి.

తమరి గణితం గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. 2,000 రూపాయల చొక్కా మీద '50 శాతం, ఆపైన 20 శాతం' అని ఉంటే, 70 శాతం పోగా 600 ఇస్తే చాలునని లెక్క కట్టుకుని వరుసలో నిలబడ్డాను. ముందు సగం పోతే 1,000, ఆ వెయ్యిలో 20 శాతం పోతే 800. అంటే తగ్గినది 60 శాతమేనని గల్లాపెట్టె దగ్గరి కుర్రవాడు నాకు పాఠం చెప్పాడు. పద్దులు రాసిన నాకు ఇది తట్టకపోవడం నా ఖర్మ. కానీ ఆ పైన వాడు జీఎస్టీ పేరిట మరో 40 రూపాయలు వేశాడు. పన్నులన్నీ కలుపుకున్న ధర మీద తగ్గింపు ఇచ్చి, తగ్గిన ధర మీద మళ్లీ పన్ను వసూలు చేయడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని, జీఎస్టీకి ముందు వ్యాట్ అనే పన్ను ఉన్న రోజుల్లో, 2017 జనవరిలోనే జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది. వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఇప్పుడే ఫోను చేస్తానని గట్టిగా అన్నాను. 40 రూపాయలు వెంటనే వెనక్కి వచ్చాయి. ఈ ఏడాది మొత్తం మీద నోట్ల రూపంలో నా చేతిలో పడిన ఆదా అదొక్కటే. విచిత్రమేమిటంటే అది ఏ బిల్లు అడుగునా అచ్చు కాలేదు.

తమరికి తాతగారు ఒకరు ఉండేవారు, పేరు కొసరు. నా చిన్నతనంలో మా అమ్మతో పాటు జార్జిటౌన్‌లోని కొత్వాల్ చావడికి వెళ్లేవాణ్ణి. కూరగాయల మండీలు కోయంబేడుకు తరలిపోక ముందు మాట. అమ్మ వంకాయల ధర అడిగి, చెప్పిన దానికి నవ్వి, నాలుగడుగులు ముందుకు వేసి, వెనక్కి పిలిపించుకుని, చివరికి ఒక ధరకు ఒప్పుకునేది. తూకం అయిపోయాక సంచి మూతి తెరిచి పట్టుకుని కదలకుండా నిలబడేది. అవతలి మనిషి గొణుక్కుంటూ నాలుగు పచ్చిమిరపకాయలు, గుప్పెడు కొత్తిమీర అందులో పడేసేవాడు. ఆ కొసరుకు పేరు లేదు, బోర్డు లేదు, శాతం లేదు. కానీ ఆ సాయంత్రం పచ్చడిలో అది ఉండేది. తమరి ఆదా ఏ పచ్చడిలోనూ నాకు తగలలేదు.

తువ్వాళ్ల ఉదంతం మనవి చేస్తే నా బాధ తమరికి బోధపడుతుంది. నాకు కావలసింది ఒక్క తువ్వాలు. ధర 260. రెండు కొంటే ఒకటి ఉచితమని ఉంది కనుక 520 ఇచ్చి మూడు తెచ్చాను. బిల్లు అడుగున 'మీరు ఆదా చేసినది 260' అని అచ్చయింది. నేను అక్కరకు మించి ఖర్చు పెట్టినది ఎంత? అదీ 260. ఒకే సొమ్ము నా చిట్టాలో జమ వైపు ఆదాగానూ, ఖర్చు వైపు ఖర్చుగానూ రెండు చోట్లా కూర్చుని ఉంది. నా ఉద్యోగ జీవితంలో ఇటువంటి పద్దు కనబడి ఉంటే సంజాయిషీ అడిగేవారు. 500 రూపాయల కూపను కథ కూడా ఇంతే: 3,000కు తక్కువ కాకుండా కొంటేనే, నెల లోపే, చెల్లుతుంది. ఆ 500 వృథా పోనివ్వకూడదన్న పంతంతో 2,500 జేబులోంచి పెట్టి వచ్చాను.

పెద్ద ప్యాకెట్టు చవక అన్నది మా ఇంట వేదవాక్యంగా ఉండేది. బట్టలు ఉతికే పొడి కిలో 118 రూపాయలు. నాలుగు కిలోల 'కుటుంబ ప్యాకు' 492. కిలో 123 పడుతోందని మా ఆవిడ అంగట్లోనే వేళ్ల మీద లెక్కవేసింది. గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో ప్యాకెట్టు మీదే వేయాలని ఇప్పుడు నిబంధన ఉంది. 'ఆదా' అన్న మాట పసుపు రంగులో బెత్తెడు ఉంటే, ఈ అంకె మాత్రం చీమతల అంత ఉంటుంది. చాలా రకాల సరుకులను ఫలానా బరువుల్లోనే అమ్మాలన్న పాత షెడ్యూలును 2021 సవరణలో తీసేశారు కనుక, ధర కదలకుండా లోపలి సరుకు ఒక్కటే చిక్కిపోతే పట్టుకోవడానికి నాబోటివాడికి మిగిలింది ఆ చీమతలే.

అంతర్జాలంలో ఉండే తమరి తమ్ముడి గురించి ఎక్కువ రాయను. అతగాడు గడియారం తిప్పుతూ 'ఇంకా 9 నిమిషాలే' అంటాడు. తెల్లవారి చూస్తే అవే 9 నిమిషాలు. ఇటువంటి దొంగ తొందరను, అడగని వస్తువును బుట్టలో చేర్చడాన్ని, ఇంకా అలాంటివి మొత్తం 13 మాయలను పేర్లతో సహా పట్టీ వేసి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో నిషేధించింది. వడ్డీ లేని వాయిదాలు అన్న మాటకు కూడా, రొక్కం ఇస్తే దక్కే తగ్గింపును వదులుకోవడమే తరచూ ఆ వడ్డీ అవుతుందని మా అల్లుడు చెప్పాడు. అతడు చెప్పినది ఫోను కొన్న తరువాత.

ధర్మం తప్పి మాట్లాడకూడదు కాబట్టి ఒకటి ఒప్పుకుంటాను. తమరిలో పెద్దమనిషి కూడా ఉన్నాడు. గాంధీ జయంతికి ఖాదీ మీద ఇచ్చే రిబేటు నేను ఎరిగినంత కాలంగా ఉంది. ఆ బట్ట ధర నిన్న ఎంతో, ఈ రోజు ఎంతో, కొనేవాడికీ అమ్మేవాడికీ తెలుసు. మా ఆవిడ వెట్ గ్రైండరు కూడా అలాగే కొన్నది. సంక్రాంతితో మొదలయ్యే తై మాసంలో ధర అడిగి క్యాలెండరు వెనక రాసిపెట్టి, ఆరు నెలలు పాత రోలుతో తంటాలు పడి, తమరి చివరి వారంలో వెళ్లి, ఆ రాసిన ధరకు 900 తక్కువకు తెచ్చింది. బోర్డు మీది శాతం ఎంత అని నేను అడిగితే చూడలేదన్నది.

ఆవిడ పద్ధతి ప్రకారమే నా చిట్టాను మళ్లీ తనిఖీ చేశాను. ముందే కావాలనుకుని, ముందటి ధర తెలిసి ఉండి, దానికంటే తక్కువకు కొన్న వస్తువులు ఏడాది మొత్తంలో ఏడు. వాటి మీద నిజంగా మిగిలినది 3,260 రూపాయలు. దానికి రశీదు ఇస్తున్నాను. తక్కిన 58,222 రూపాయలు తమరి వద్ద నాకు రావలసిన బాకీగా తేలుతున్నవి.

రొక్కం ఇవ్వడం తమరికి అలవాటు లేదని ఎరుగుదును కనుక, రాజీకి సిద్ధంగా ఉన్నాను. ఇంట్లో హాట్‌బాక్సులు అయిదు, విప్పని తువ్వాళ్లు తొమ్మిది, నా నడుముకు పట్టని ప్యాంట్లు మూడు, మా ఆవిడ కట్టనని తేల్చిచెప్పిన చీరలు నాలుగు, నాలుగు కిలోల ఉతుకుడు పొడి డబ్బాలు రెండు ఉన్నాయి. అన్నింటి మీదా ఎమ్మార్పీ చీటీలు తమరి వాళ్లు అంటించినవే, చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ ధరల మీద 50 శాతం తగ్గించి, మిగిలిన దాని మీద మరో 20 శాతం తగ్గించి, తమరికే అమ్మజూపుతున్నాను. పన్ను అదనంగా వేయను. సంచికి డబ్బు అడగను. ఆడి నెలాఖరు వరకే, సరుకు ఉన్నంత వరకే. తమరు స్వయంగా వచ్చి పట్టుకెళ్లే పక్షంలో, దిండ్లు కొన్నప్పుడు ఉచితంగా వచ్చిన ఆకుపచ్చ బకెట్టును కొసరుగా ఇస్తాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక పద్దుల గుమాస్తా (విశ్రాంత)
పశ్చిమ మాంబళం, చెన్నై