గాజుల్లాంటి వెలుగు, అలుక్కుపోయిన కన్ను
పిట్టల ఫొటోలకి నేను వాడే 500 ఎంఎం మిర్రర్ లెన్స్ (లోపల అద్దాలతో దూరపువాటిని దగ్గరగా చూపే కెమెరా లెన్స్) చేతికి తేలిగ్గానే ఉంటుంది. బాధంతా కన్ను పెట్టాకే. అపర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే దారి, ఎఫ్8 దగ్గరే స్థిరం, పెంచలేం, తగ్గించలేం. పిట్టలు చురుగ్గా తిరిగేదేమో తెల్లవారుతుండగా! ఆ మసక వెలుతురులో పిట్ట కదలిక చెదరకుండా షటర్ స్పీడు 1/500 సెకను కావాలంటే ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) అమాంతం పెంచాలి, ఫొటో నిండా నలుసులే. నా లెన్స్‌కి ఆటోఫోకస్ కూడా లేదు, చేత్తో రింగు తిప్పే ఫోకస్ చేసుకోవాలి. నిన్న లకుముకి పిట్ట ఎదురుగా కొమ్మ మీద వాలింది. ఊపిరి బిగబట్టి రింగు వెంట్రుకవాసి తిప్పాను. ముక్కు స్పష్టంగా వచ్చింది, కన్ను అలుక్కుపోయింది. సరిచేసేలోపే తుర్రుమంది. పైగా వెనక నీటి మీది మెరుపులన్నీ గాజుల్లా, మధ్యలో ఖాళీగా! ముందు వైపు మధ్యలో ఉండే చిన్న అద్దం వెలుతురుకి అడ్డొస్తుంది కదా, అందుకే అలా. నాకు కావాల్సింది ఆ పిట్ట కంట్లో మెరుపు ఒక్కటే. అదే దక్కడం లేదు.