లేపాక్షి అంటే ఒక్క స్తంభమేనా?

లేపాక్షి వెళ్లొచ్చినవాళ్ల ఫోన్లో చూడండి, అందరిదీ ఒకటే వీడియో. అక్కడి వీరభద్రస్వామి గుడిలో గాల్లో వేలాడుతున్నట్టుండే స్తంభం కింద కండువా దూర్చి ఇటు నుంచి అటు లాగడం, వెనకాల కేకలు. తర్వాత నంది ముందు సెల్ఫీ, కారెక్కడం. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. 70 స్తంభాల గుడిలో ఒక్కటి చూసి లేపాక్షి చూసేశామంటే ఎలా? పైగా అదీ పూర్తిగా గాల్లో లేదు, ఓ మూల నేలకు ఆనుకునే ఉంటుంది.

ఆ కండువా పట్టుకున్నవాళ్లు ఒక్కసారి తలెత్తితే చాలు. విజయనగర రాజుల నాటి రంగుల బొమ్మలు ఇంతగా మిగిలిన చోట్లు మనకి ఎన్నో లేవు. అచ్యుతదేవరాయల కాలంలో (1529-1542) విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన గుడి ఇది. కప్పు మీద పార్వతీ కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, కిరాతార్జునీయం వరసగా సాగుతాయి. దూడ చావుకి న్యాయం చెయ్యడానికి కన్నకొడుకునే రథం కింద తొక్కించిన మనునీతి చోళుడి కథ కూడా ఉంది. దేవుళ్ల సంగతి అలా ఉంచి నేను బట్టలే చూస్తూ ఉండిపోతాను. మగవాళ్ల నెత్తిన పొడవాటి కుళ్లాయిలు, ఆడవాళ్ల చీరల మీద చారలు, గళ్లు, పువ్వులు! 500 ఏళ్ల కిందటి చీర ఏ రంగులో ఉండేదో రాతి శిల్పం చూస్తే ఎలా తెలుస్తుంది?

ఆ రంగులే పెచ్చులూడుతున్నాయి, కొన్నిచోట్ల గీతలు మాత్రమే మిగిలాయి. స్తంభం ఇంకో వెయ్యేళ్లైనా అలాగే ఉంటుంది, దానికి మన కండువాలు అక్కర్లేదు.

గైడ్లని తప్పుపట్టను. విరూపణ్ణ తన కళ్లు తానే పీకి గోడకేసి కొట్టాడన్న కథ, స్తంభాన్ని కదపబోయిన ఇంగ్లీషు ఇంజనీరు కథ వినడానికి బాగుంటాయి, జనం కూడా అవే అడుగుతారు. కానీ ఏ బొమ్మ ఏ కథో తెలుగులో చెప్పే బోర్డులు పెద్ద అక్షరాలతో పెడితే ఎంత ఖర్చు? మెడ నొప్పి పుట్టకుండా పైకప్పు చూసేందుకు నేలమీద నాలుగు అద్దాలు పెట్టలేరా? 2022లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కిందని సంబరపడ్డాం. చూడటానికి వచ్చినవాళ్లకి ఏం చూపించాలో మాత్రం ఇంకా ఆలోచించలేదు.

ఈసారి వెళ్తే బైనాక్యులర్స్ ఉంటే పట్టుకెళ్లండి, ఫ్లాష్ కొట్టకండి. నాట్యమండపంలో మద్దెల వాయిస్తున్న బ్రహ్మనీ, మూడు కాళ్ల భృంగి మహర్షినీ వెతకండి. కప్పు పూర్తిగా లేని కల్యాణమండపంలో కాసేపు కూర్చోండి. టైం మిగిలితే అప్పుడు లాగండి మీ కండువా.